పక్క వెలుతురు

కొబ్బరికాయల లారీ మీద వచ్చింది
అరచేతిలో పట్టేంత షేలు పెచ్చు,
పాత పంచాంగం కాగితంలో చుట్టుకుని.
చింతలపూడి అవతల, నూతి తవ్వకంలో,
నలభై అడుగుల లోతున, అన్నాడు దేముడుబాబు.
"నీళ్లు పడలేదండీ. ఇది పడింది."

మన కొండల్లో ఇలాంటివి దొరకవు.
కైలాసగిరి రాయి ఎప్పుడో కుంపట్లో పడి
కాలి, నలిగి, ఎర్రెర్రని చుక్కలు తేలినది.
దానికి ఏ ప్రాణమైనా గుర్తుండి ఉంటే
ఆ వేడికే మరిచిపోయి ఉంటుంది.

ఇరవై ఆరేళ్లుగా ఈ డిపార్టుమెంటులో అటెండర్ని.
రాళ్లు కోస్తాను, అరగదీస్తాను, చీటీలంటిస్తాను.
పేర్లు పెట్టడం నా పని కాదు.
కానీ వేసవి సెలవులు.
దాలినాయుడు మాస్టారు కంటి ఆపరేషనయి
ఆకుపచ్చ గుడ్డ కింద పడుకుని ఉన్నారు.

ముందు ఒక మూల విరిచి కొరికాను.
ఆయన నేర్పిందే:
పళ్ల మధ్య కరకరలాడితే ఒడ్డు దగ్గర,
వెన్నలా జారితే లోతు, కదలని నీళ్లు.
జారింది.
కాస్త ఉప్పగా కూడా అనిపించింది,
అది నా చేతి చెమటే కావచ్చు.

తర్వాత ఒక బొట్టు ఆసిడ్.
పొంగలేదు.
గుల్ల ఎన్నడో కరిగి వెళ్లిపోయింది.
ఉన్నది అది ఒత్తుకున్న చోటు మాత్రమే,
మంచం తీసేశాక గచ్చు మీద
నాలుగు కోళ్ల గుర్తుల్లాగా.

సూటిగా లైటు వేస్తే బూడిద, అంతే.
సాయంత్రం అయిదుంపావుకి
పడమటి కిటికీలోంచి ఎండ
బల్లని ఒరుసుకుంటూ పాకినప్పుడు
లేచాయి గీతలు.
పదకొండు. వంకీ తిరిగి, ఒక అంచున ఒద్దికగా దగ్గరవుతూ.
రెండో అంచు విరిగిపోయింది.
ఏడు నిమిషాలు చూశాను.
ఎండ గోడెక్కింది. గీతలు పడుకున్నాయి.

చుట్ట గుల్ల ముక్క, అమ్మోనైటు, అంది ఫోన్లో సువర్చల.
ఆలిచిప్ప అన్నాడు ఆమె పక్కనున్నవాడెవరో.
ఆకు కావచ్చు కదా అన్నాను నేను.
ఎవరూ విననట్టున్నారు.

ఆదివారం హార్బరుకి తీసుకుపోయాను.
మైలపల్లి ఎల్లాజమ్మ గంప దించి
బొటనవేలు ఉమ్మితో తడిపి రుద్దింది.
"సేప పొలుసు గాదు బాబూ.
పొలుసుకి గీతలు గుండ్రంగా తిరుగుతాయి.
గుల్లేమో మరి. మా వలలో ఇలాటిది నానెప్పుడూ సూళ్లేదు.
సచ్చిపోయినాది గదా, ఏటి సేస్తావు?"
పేరు రాయాలన్నాను.
"తెలకపోతే తెల్దని రాయి,"
అని చందువా పిల్లల బేరంలో పడిపోయింది.

పెదవాల్తేరులో మాస్టారు
రాయిని రెండు చేతుల్లోకి తీసుకున్నారు.
బొటనవేలు గీతల మీద నడిచింది
మెట్లు లెక్కపెట్టుకునే మనిషిలా.
"ఎక్కడైనా చీలుతున్నాయా?"
"ఏడోది చీలినట్టుంది. లేదా పగులు."
"ఏదో ఒకటి చెప్పు."
"చెప్పలేను మాస్టారూ."
చాలాసేపు ఫ్యాను చప్పుడు.
"ఆ ఎల్లాజమ్మ ఒకటి తీసేసింది.
ఏడాదికి ఒకటి తీసేయగలిగితే
నేను నీకన్నా పెద్ద జీతం తీసుకున్నందుకు న్యాయం."

చీటీ రాశాను. పెన్సిలుతోనే.
అమ్మోనైటు, దాని పక్కన ప్రశ్నార్థకం.
ప్రశ్నార్థకం కొంచెం పెద్దదైంది,
చెరపలేదు.
కింద: చేప పొలుసు కాదు, చెప్పినది ఎల్లాజమ్మ.
దొరికినది దేముడుబాబుకి, నూతిలో.
నీళ్లు పడలేదు అని కూడా రాశాను,
ఆ గడి చీటీలో లేదు, అంచున ఇరికించాను.

రేపు మళ్లీ అయిదుంపావుకి
ఆ ఏడో గీత చూడాలి.
ఎండ రోజుకింత పక్కకి జరుగుతోంది.
బల్ల కాళ్లు తుప్పు పట్టి ఉన్నాయి,
జరపడానికి ఇంకో మనిషి కావాలి.